థీమ్ బాగుంది సరే.. కామెంట్లు కనిపిస్తున్నాయా?

కొత్త ల్యాప్‌టాప్ చేతికి రాగానే కోడర్లు చేసే మొదటి పనుల్లో ఒకటి, ఎడిటర్‌కి మంచి థీమ్ వెతుక్కోవడం. డ్రాక్యులా, మోనోకై, సోలరైజ్డ్, వన్ డార్క్.. ఈ లిస్ట్‌కి అంతుండదు. ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్ చూస్తాం, నచ్చుతుంది, ఇన్‌స్టాల్ చేసేస్తాం. ఫోన్ కొనేముందు డిస్‌ప్లే ఎన్ని నిట్సో, రిఫ్రెష్ రేట్ ఎంతో ఆరా తీస్తాం కదా. మరి రోజుకి 8 గంటలు కళ్లముందు ఉండే థీమ్ విషయంలో ఒక్క నంబర్ కూడా ఎందుకు అడగం?

అడగాల్సిన ఆ నంబర్ పేరు కాంట్రాస్ట్ రేషియో. అది తెలిస్తే ఎడిటర్ సెట్టింగ్స్‌లో ఎక్కడో మూలన పడి ఉండే 'హై కాంట్రాస్ట్' థీమ్‌లు ఎందుకున్నాయో, అవి ఎవరికి పనికొస్తాయో అర్థమవుతుంది. చూపు సమస్య ఉన్నవాళ్లకే కదా అనుకుని దాటేయకండి. ఈ లెక్కలో మీరూ ఉండొచ్చు.

కాంట్రాస్ట్ రేషియో అంటే ఏంటి?

రెండు రంగుల వెలుగులో తేడా ఎంతో చెప్పే లెక్క ఇది. అక్షరం, బ్యాక్‌గ్రౌండ్ రెండూ ఒకే రంగైతే 1. తెలుపు మీద నలుపైతే 21. అంతకు మించి ఉండదు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ 2008లో డబ్ల్యూసీఏజీ 2.0 గైడ్‌లైన్స్ విడుదల చేసింది. వాటి ప్రకారం మామూలు సైజు అక్షరాలకి డబుల్ ఏ లెవెల్‌లో కనీసం 4.5 ఉండాలి, ట్రిపుల్ ఏ లెవెల్‌లో అయితే కనీసం 7. 2023లో వచ్చిన 2.2 వెర్షన్‌లోనూ ఇవే అంకెలు. ఇవి వెబ్ కోసం రాసిన రూల్సే అయినా, యాక్సెసిబుల్ థీమ్‌లు తయారుచేసేవాళ్లు కూడా వీటినే కొలమానంగా తీసుకుంటున్నారు.

ఈ 4.5 గాల్లోంచి ఊడిపడింది కాదు. మామూలు చూపు ఉన్నవాళ్లకి కనీసం 3 ఉండాలని పాత డిస్‌ప్లే ప్రమాణాలు చెప్పేవి. చూపు 6/12కి తగ్గినప్పుడు కాంట్రాస్ట్‌ని పట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి ఆ 3ని 1.5తో హెచ్చించారు. అలా వచ్చింది 4.5. చూపు 6/24 దగ్గర ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని 7 అన్నారు. 6/24 అంటే మామూలు చూపు ఉన్నవాళ్లు 24 మీటర్ల దూరం నుంచి చదవగలిగే అక్షరాన్ని వీళ్లు 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చదవగలరు. కళ్ల డాక్టర్ ఇచ్చిన చీటీ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి, ఈ అంకెలు మీకూ పరిచయమే.

ఇందులో ఇంకో కిటుకుంది. కంటికి అన్ని రంగులూ ఒకేలా వెలగవు. ఈ ఫార్ములాలో ఆకుపచ్చ వాటా 71 శాతం పైనే, ఎరుపుది 21 శాతం, నీలానిది కేవలం 7 శాతం. అందుకే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ప్యూర్ పసుపు 19.6 తెచ్చుకుంటే, ప్యూర్ నీలం 2.4 దగ్గరే ఆగిపోతుంది. నల్ల టెర్మినల్‌లో ఫోల్డర్ల లిస్ట్ తీస్తే ముదురు నీలం పేర్లు కనిపించక కళ్లు చికిలించిన అనుభవం లైనక్స్ వాడినవాళ్లలో చాలామందికి ఉంటుంది. తప్పు కళ్లది కాదు, 2.4ది.

పాపులర్ థీమ్‌లకి మార్కులెన్ని?

ఇప్పుడు అందరికీ తెలిసిన థీమ్‌ల రంగులని ఇదే ఫార్ములాలో పెట్టి చూద్దాం.

డ్రాక్యులాలో మెయిన్ టెక్స్ట్ 13.4. ట్రిపుల్ ఏ ని సునాయాసంగా దాటేసింది. మరి అదే థీమ్‌లో కామెంట్ రంగు? సుమారు 3.

2006 నుంచి ఉన్న ఒరిజినల్ మోనోకైలో మెయిన్ టెక్స్ట్ దాదాపు 14. కామెంట్లు మళ్లీ అదే 3 దగ్గర.

2011లో ఈథన్ షూనోవర్ తయారుచేసిన సోలరైజ్డ్ డార్క్‌లో మెయిన్ టెక్స్టే 4.7. అంటే డబుల్ ఏ గీత మీద అటూఇటూగా నిలబడింది. కామెంట్లు 2.8. ఒక మాట చెప్పాలి, సోలరైజ్డ్‌లో కాంట్రాస్ట్ తగ్గించింది తెలియక కాదు. వెలుగు తేడా తక్కువగా ఉంటే కళ్లకి హాయి అనే ఆలోచనతో, పక్కాగా లెక్కలేసుకుని డిజైన్ చేశారు.

వీఎస్ కోడ్ డార్క్ ప్లస్ థీమ్‌లో ఆకుపచ్చ కామెంట్లు సుమారు 5. పాస్ మార్కులు వచ్చాయి. అదే వీఎస్ కోడ్‌లోని డార్క్ హై కాంట్రాస్ట్‌లో కామెంట్లు 7.5.

ప్యాటర్న్ కనిపించిందా? మెయిన్ టెక్స్ట్‌తో చూస్తే డ్రాక్యులా, మోనోకై రెండూ టాపర్లే. తడబడేది కామెంట్ల దగ్గరే. అందుకే థీమ్‌ని దాని అత్యంత డల్ రంగుతో జడ్జ్ చెయ్యాలి. స్క్రీన్‌షాట్‌లో మెరిసే కీవర్డ్ రంగులు చూసి మార్కులు వేస్తే ఉపయోగం లేదు.

కామెంట్లే కదా, కనిపించకపోతే ఏమైంది?

కామెంట్లు పక్కకి తప్పుకోవాలి, కోడ్ ముందుకి రావాలి అనే ఉద్దేశంతోనే వాటిని డల్‌గా పెట్టడం అలవాటైంది. సొంత కోడ్ మనమే రాసుకుని మనమే చదువుకునేటప్పుడు అది బాగానే ఉంటుంది. టీమ్‌లోకి కొత్తగా చేరినవాళ్ల సంగతి వేరు. 'ఈ ఫంక్షన్‌ని ముట్టుకోవద్దు, పేమెంట్స్ ఆగిపోతాయి' అని ఎవరో నాలుగేళ్ల కిందట రాసిపెట్టిన హెచ్చరిక ఉండేది కామెంట్‌లోనే. అది 3 కాంట్రాస్ట్‌లో ఉంటే కన్ను దాని మీదుగా జారిపోతుంది.

ఈమధ్య దీనికి ఇంకోటి తోడైంది. ఏఐ అసిస్టెంట్లు టైప్ చేస్తుండగానే ఇచ్చే సజెషన్ సన్నటి బూడిద రంగులో వస్తుంది కదా, దాన్ని గోస్ట్ టెక్స్ట్ అంటారు. మనం రాయని కోడ్ అది. అన్నింటికంటే జాగ్రత్తగా చదవాల్సింది అదే. దాన్నే మసకగా చూపిస్తున్నాం. కళ్లు చికిలించి చదివే ఓపిక లేక ట్యాబ్ కొట్టేస్తే, గ్రేటర్ దన్ ఉండాల్సిన చోట లెస్ దన్ ఉన్నా మన ఖాతాలో కమిట్ అయిపోతుంది. లైన్ నంబర్లు, డిసేబుల్ అయిన ఆప్షన్లు, ఎర్రర్ కింద వచ్చే వివరణ.. ఇలా డల్ రంగులు చాలా చోట్లే ఉంటాయి.

ల్యాప్‌టాప్ ప్యానెల్ చేసే నష్టం

ఇక్కడ గ్యాడ్జెట్ కోణం ఒకటుంది. థీమ్ రేషియో అనేది కాగితం మీద లెక్క. మీ స్క్రీన్ మీద పడే వెలుతురు దాన్ని ఇంకా తగ్గిస్తుంది. బడ్జెట్ ల్యాప్‌టాప్‌లలో 250 నిట్స్ ప్యానెల్ మామూలే. కిటికీ పక్కన కూర్చున్నారు, స్క్రీన్ మీద ప్రతిఫలించే వెలుగు 20 నిట్స్ అనుకుందాం. ఈ 20 అక్షరానికీ, బ్యాక్‌గ్రౌండ్‌కీ సమానంగా కలుస్తుంది. అలా కలిసినప్పుడు రేషియో పడిపోతుంది.

ఫుల్ బ్రైట్‌నెస్‌లో సోలరైజ్డ్ డార్క్ మెయిన్ టెక్స్ట్ 4.7 నుంచి 3.6కి, కామెంట్లు 2.8 నుంచి 2.3 దగ్గరికి వచ్చేస్తాయి. చార్జర్ ఇంట్లో మర్చిపోయారు, బ్యాటరీ కోసం బ్రైట్‌నెస్ 100 నిట్స్‌కి దించారు. అప్పుడు మెయిన్ టెక్స్ట్ 2.2, కామెంట్లు 1.6. ఇక చదవడం కాదు, ఊహించుకోవడమే.

అదే చోట, అదే 100 నిట్స్‌లో నలుపు మీద తెలుపు పెడితే రేషియో సుమారు 6. డార్క్ హై కాంట్రాస్ట్ థీమ్‌లో కామెంట్లు 2.6. అంటే ఆ థీమ్‌లో కామెంట్లు కూడా ఇక్కడ సోలరైజ్డ్ మెయిన్ టెక్స్ట్ కంటే మెరుగ్గా కనిపిస్తాయన్నమాట. 6/6 చూపు ఉన్నవాళ్లకి కూడా ఎండపూట హై కాంట్రాస్ట్ ఎందుకు పనికొస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

క్లాస్‌రూమ్ ప్రొజెక్టర్ దగ్గర ఇది ఇంకా దారుణం. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు. లైట్లు వెలుగుతున్న గదిలో గోడ ఎంత తెల్లగా కనిపిస్తే, మీ డార్క్ థీమ్ బ్యాక్‌గ్రౌండ్ కూడా అంతే తెల్లగా ఉంటుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ అయినా, కాలేజీ ల్యాబ్ అయినా చివరి బెంచీకి కోడ్ కనపడాలంటే లైట్ హై కాంట్రాస్ట్ పెట్టి, ఫాంట్ సైజు పెంచడమే దారి.

రంగు ఒక్కటే సరిపోదు

కాంట్రాస్ట్ తర్వాత చూడాల్సింది రంగుల మధ్య తేడా. యూరప్ మూలాలున్న మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగ్గా తెలియదు. దీనికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి ఆడవాళ్లలో ఇది చాలా అరుదు. మన దగ్గర కూడా ఇది ఉన్నవాళ్లు తక్కువేం కాదు. చాలామందికి ఏదో మెడికల్ టెస్ట్‌లో చుక్కల బొమ్మ చూపించేదాకా ఆ సంగతే తెలియదు.

మరి మన టూల్స్ ఎలా ఉన్నాయి? డిఫ్‌లో తీసేసిన లైన్ ఎరుపు, కలిపిన లైన్ ఆకుపచ్చ. టెస్ట్ ఫెయిలైతే ఎరుపు, పాసైతే ఆకుపచ్చ. సరిగ్గా ఆ జంటనే పట్టుకున్నారు! మంచి యాక్సెసిబుల్ థీమ్‌లు ఇక్కడ నీలం, ఆరెంజ్ జంటకి మారతాయి. దాంతోపాటు రంగు లేకుండా కూడా విషయం తెలిసేలా ప్లస్, మైనస్ గుర్తులు, అండర్‌లైన్లు, బోల్డ్, బోర్డర్లు వాడతాయి.

ఏ ఎడిటర్‌లో ఏముంది?

వీఎస్ కోడ్: కంట్రోల్ కే, వెంటనే కంట్రోల్ టీ కొడితే థీమ్‌ల లిస్ట్ వస్తుంది. అందులో డార్క్ హై కాంట్రాస్ట్, లైట్ హై కాంట్రాస్ట్ రెండూ ముందే ఉంటాయి, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. డార్క్‌లో ప్యూర్ బ్లాక్ బ్యాక్‌గ్రౌండ్, ప్యానెల్స్ చుట్టూ లేత నీలం గీతలు, సెలెక్ట్ అయినదాని చుట్టూ ఆరెంజ్ గీత ఉంటాయి. చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా అనిపిస్తుంది, నిజమే. కానీ ఫోకస్ ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు. విండోస్‌లో కాంట్రాస్ట్ థీమ్ ఆన్ చేస్తే వీఎస్ కోడ్ దానంతటదే హై కాంట్రాస్ట్‌కి మారిపోతుంది. విండోస్ 11లో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ కలిపి నొక్కితే కాంట్రాస్ట్ థీమ్ ఆన్ అవుతుంది.

గిట్‌హబ్ థీమ్: వీఎస్ కోడ్ కోసం గిట్‌హబ్ ఇచ్చే థీమ్ ప్యాక్‌లో హై కాంట్రాస్ట్‌తో పాటు కలర్‌బ్లైండ్ వెర్షన్లూ ఉన్నాయి. మొత్తం నలుపు, గీతలు నచ్చనివాళ్లకి ఇది మధ్యే మార్గం. గిట్‌హబ్ వెబ్‌సైట్‌లోని అప్పియరెన్స్ సెట్టింగ్స్‌లోనూ ఇవే ఆప్షన్లు ఉంటాయి కాబట్టి కోడ్ రివ్యూ కూడా అదే రంగుల్లో చేసుకోవచ్చు.

జెట్‌బ్రెయిన్స్ ఐడీఈలు: ఇంటెలిజే, పైచార్మ్ లాంటి వాటిలో హై కాంట్రాస్ట్ థీమ్ ముందే ఉంటుంది. అప్పియరెన్స్ సెట్టింగ్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ సమస్య ఉన్నవాళ్ల కోసం రంగులు సర్దే చెక్‌బాక్స్ కూడా ఉంది. థీమ్ మార్చకుండానే ఒక్క టిక్‌తో పనైపోతుంది.

ఈమ్యాక్స్: ఈ విషయంలో అందరికంటే సీరియస్‌గా పనిచేసింది ప్రొటెసిలావోస్ స్తావ్రూ తయారుచేసిన మోడస్ థీమ్‌లు. 7 రేషియోనే టార్గెట్‌గా పెట్టుకుని, కామెంట్లతో సహా రంగులన్నీ ఎంచుకున్నారు. 2022లో వచ్చిన ఈమ్యాక్స్ 28 నుంచి ఇవి ఎడిటర్‌తో పాటే వస్తున్నాయి. రంగుల తేడా తెలియనివాళ్ల కోసం వేరే వెర్షన్లూ ఉన్నాయి. ఈమ్యాక్స్ వాడకపోయినా, 7 దాటిన థీమ్ అందంగా ఉండదనే అపోహ పోవాలంటే వీటి స్క్రీన్‌షాట్లు ఒకసారి చూడండి.

అందరికీ 21 కావాలా?

అక్కర్లేదు. అస్టిగ్మాటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ప్యూర్ బ్లాక్ మీద ప్యూర్ వైట్ అక్షరాలు చుట్టూ వెలుగు కమ్మినట్టు, కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. నల్ల స్క్రీన్ చూసినప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, దాంతో ఆ చెదరడం ఇంకా పెరుగుతుంది. వెలుగు పడని కళ్లు, మైగ్రేన్ ఉన్నవాళ్లకి కూడా 21 కాంట్రాస్ట్ శిక్షలా ఉండొచ్చు. ఇలాంటివాళ్లు మెయిన్ టెక్స్ట్‌ని 10 నుంచి 14 మధ్యలో ఉంచుకుని, డల్ రంగులని మాత్రం 4.5 పైకి తెచ్చుకుంటే సరిపోతుంది.

లైట్ థీమ్ అనగానే మీమ్స్ వేసేవాళ్లకి ఒక మాట. 2013లో ఎర్గోనామిక్స్ జర్నల్‌లో వచ్చిన ఒక స్టడీలో తప్పులు వెతికే పని పెడితే, యువకులూ పెద్దవాళ్లూ ఇద్దరూ లేత బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు అక్షరాలతోనే మెరుగ్గా చేశారు. డార్క్ థీమ్ నచ్చడం వేరు, అందులో బాగా కనిపించడం వేరు.

ఈ ఫార్ములాకి కూడా లోపాలున్నాయి. రెండు ముదురు రంగుల మధ్య తేడాని అది ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుందని విమర్శ ఉంది, అందుకే ఏపీసీఏ అనే ప్రత్యామ్నాయ లెక్క పుట్టుకొచ్చింది. పైగా డబ్ల్యూసీఏజీ రేషియో అక్షరం మందాన్ని పట్టించుకోదు. యాప్‌ని తెలుగులోకి లోకలైజ్ చేసేవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. అదే సైజులో, అదే రంగులో ఇంగ్లిష్ స్ట్రింగ్ చదవగలిగినా, పక్కనున్న తెలుగు స్ట్రింగ్‌లో ఒత్తులు, గుడులు కలిసిపోతాయి. సన్నటి, చిన్న ఆకారాలకి కాంట్రాస్ట్ ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి 4.5ని కనీస మార్కులుగానే చూడండి, ఫస్ట్ ర్యాంక్‌గా కాదు.

థీమ్ మార్చకుండా 10 నిమిషాల్లో

మీ ఫేవరెట్ థీమ్ వదులుకోవడం ఇష్టం లేదా? ఇలా చెయ్యండి.

1. బ్లాక్ అండ్ వైట్ టెస్ట్: ఎడిటర్ స్క్రీన్‌షాట్ తీసి గ్రేస్కేల్‌లోకి మార్చండి. కామెంట్లు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతున్నాయా? డిఫ్‌లో ఏది పోయింది, ఏది వచ్చింది తెలుస్తోందా? తెలియకపోతే మీ థీమ్ రంగు మీదే బతుకుతోందన్నమాట.

2. రేషియో కొలవండి: థీమ్ ఫైల్‌లోంచి కామెంట్ రంగు, బ్యాక్‌గ్రౌండ్ రంగు తీసుకుని ఏదైనా కాంట్రాస్ట్ చెకర్‌లో వెయ్యండి. వెబ్ డెవలపర్లైతే క్రోమ్ డెవ్‌టూల్స్ కలర్ పికర్‌లోనే అది కనిపిస్తుంది. అక్కడే రెండరింగ్ ట్యాబ్‌లో రంగుల లోపం ఉన్నవాళ్లకి మీ పేజీ ఎలా కనిపిస్తుందో కూడా చూడొచ్చు.

3. ఒక్క రంగే మార్చండి: వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో టోకెన్ కలర్ కస్టమైజేషన్స్‌లోకి వెళ్లి కామెంట్ల రంగుని కాస్త లేతగా చెయ్యండి. కలర్ కస్టమైజేషన్స్‌లో గోస్ట్ టెక్స్ట్ రంగు, లైన్ నంబర్ల రంగు కూడా మార్చుకోవచ్చు. మిగతా థీమ్ అలాగే ఉంటుంది.

4. టెర్మినల్: వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో మినిమమ్ కాంట్రాస్ట్ రేషియో అని వెతకండి. డిఫాల్ట్‌గా 4.5 ఉంటుంది, అంతకు తక్కువున్న రంగుని టెర్మినల్ తనంతట తనే సర్దుతుంది. 7 చేస్తే ఆ ముదురు నీలం ఫోల్డర్ పేర్లు కూడా ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఇంత మంచి ఆప్షన్ ఉందని చాలామందికి తెలియదు.

మా రికమెండేషన్

పగలు కిటికీ పక్కన, బస్సులో, క్లాస్‌లో ప్రొజెక్టర్ మీద అయితే లైట్ హై కాంట్రాస్ట్. చూపు తగ్గినవాళ్లు, జూమ్ చేసుకుని పనిచేసేవాళ్లు డార్క్, లైట్ హై కాంట్రాస్ట్ రెండూ ఒక్కో వారం వాడి చూడండి. రెండింట్లో ఏది హాయిగా ఉందో మీ కళ్లే చెబుతాయి. రోజంతా కోడ్ రాసేవాళ్లకి గిట్‌హబ్ డార్క్ హై కాంట్రాస్ట్ మంచి మొదలు. రాత్రి చీకటి గదిలో మీ డ్రాక్యులానే కావాలంటే ఉంచుకోండి, కామెంట్ రంగు మాత్రం మార్చండి.

థీమ్ తయారుచేసే ఆలోచన ఉంటే, మొదట కామెంట్ రంగు 4.5 దాటేలా ఎంచుకుని ఆ తర్వాతే కీవర్డ్‌ల జోలికి వెళ్లండి. టీమ్‌లో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు 'అందరికీ కనిపిస్తోందా?' అని అడగడం మనకి అలవాటే. మసకగా ఉందని నలుగురిలో చెప్పడానికి మొహమాటపడి 'ఆ, కనిపిస్తోంది' అనేసేవాళ్లు ప్రతి కాల్‌లోనూ ఒకరైనా ఉంటారు. అడగడానికి ముందే కంట్రోల్ కే, కంట్రోల్ టీ కొట్టి థీమ్ మార్చేయండి. వాళ్లకి ఆ ఇబ్బందే ఉండదు.